గజ్జి పురుగు – చెట్ల నూనెలు

గజ్జి అంటే ఏమిటో మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. వేళ్ళ సందులలో, మణికట్ల మీద, నడుము చుట్టూ సన్నని పొక్కులు లేస్తవి. పగలు ఎట్లాగో ఓర్చుకున్నా, రాత్రి పక్క మీద చేరేసరికి దురద పెచ్చు పెరుగుతుంది. ఇంటిలో ఒకరికి వచ్చినదంటే కొద్ది వారాలలో తక్కినవారికీ అంటుకుంటుంది. ప్రాణం తీసే రోగం కాదు కదా అని దీనిని చాలామంది పట్టించుకోరు. కాని గోకిన చోట పుండ్లు పడి, వాటిలో స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులు చేరితే మూత్రపిండాలకు కూడా హాని కలుగవచ్చును. ఏ సమయంలో చూచినా ప్రపంచంలో 20 కోట్ల మందికి పైగా గజ్జితో బాధపడుతూ ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. 2017లో ఆ సంస్థ ఉపేక్షకు గురి అయిన ఉష్ణమండల వ్యాధుల పట్టికలో గజ్జిని కూడా చేర్చినది.

గజ్జికి మానవుడు వాడిన మందులలో చెట్ల నుండి వచ్చినవి అనేకం కలవు. వాటిలో కొన్ని రోగానికి కారణమైన పురుగును నిజంగా చంపినవి. కొన్ని దురదను మాత్రమే తగ్గించినవి. మరికొన్ని చర్మానికే చేటు చేసినవి. వీటిలో ఏది ఏ రకానికి చెందినదో తేల్చడానికి శతాబ్దాలు పట్టినది. అంతకాలం ఎందుకు పట్టినదో, చివరకు ఎట్లా తేలినదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పురుగు సంగతి

ముందుగా పురుగును గురించి నాలుగు మాటలు తెలుసుకోవాలి. దీని శాస్త్రీయ నామం సార్కాప్టిస్ స్కేబియై. ఇది కీటకం కాదు. పెరిగిన పురుగుకు ఎనిమిది కాళ్ళు ఉంటవి కనుక సాలెపురుగు, తేలు, గోమారి మొదలైన వాటి వర్గానికి చెందుతుంది. ఆడ పురుగు నిడివి మిల్లీమీటరులో మూడవవంతు నుండి సగం లోపు. మగది అందులో సుమారు సగం. మంచి చూపు ఉన్నవారికి సూదిమొన మీద తెల్లని చుక్కవలె కనబడీ కనబడనట్లు ఉంటుంది.

ఆడ పురుగు చర్మం పైపొరలో సన్నని సొరంగం తవ్వుకుంటూ పోతుంది. రోజుకు రెండు మూడు గుడ్లు చొప్పున ఆ సొరంగంలో పెడుతుంది. ఒకటి రెండు నెలలు బ్రతుకుతుంది. మూడు నాలుగు రోజులకు గుడ్లు పగిలి పిల్లలు బయటికి వస్తవి.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. దురద పుట్టేది పురుగు కొరకడం వలన కాదు. పురుగు, దాని గుడ్లు, దాని విసర్జన మన శరీరానికి పరాయి పదార్థాలు. వాటిని శరీరం గుర్తించి ఎదురు తిరగడమే దురదకు ముఖ్య కారణం. అందువలన మొదటిసారి గజ్జి అంటుకున్న మనిషికి నాలుగు నుండి ఆరు వారాల వరకు దురద తెలియదు. పురుగులన్నీ చచ్చిన తరువాత కూడా రెండు మూడు వారాల పాటు దురద పోదు. అనగా, దురద లేకున్నా పురుగు ఉండవచ్చును. దురద ఉన్నా పురుగు లేకపోవచ్చును. వైద్యుడు దురదను మాత్రమే సాక్ష్యంగా తీసుకుంటే మోసపోక తప్పదు. గజ్జి మందుల చరిత్రలో జరిగిన పొరపాట్లలో పెక్కింటికి మూలం ఇదే.

లివోర్నోలో ఒక సూది

మన ప్రాచీన వైద్యులు చర్మరోగాలను పేర్కొంటూ ‘పామ’ అనే దురద రోగాన్ని చెప్పారు. గ్రీకు, రోమను వైద్యులు ఇట్టి రోగాలకు శరీరంలోని రసాలు చెడిపోవడమే కారణమని భావించారు. లోపలి చెడుగు పొక్కుల రూపంలో బయటికి వస్తున్నది కనుక దానిని ఆపరాదని, రక్తం తీసి, విరేచనాలు చేయించి లోపలినుండే శుద్ధి చేయాలని వారి సిద్ధాంతం. క్రీ.శ. 12వ శతాబ్దిలో స్పెయిన్ దేశంలోని సెవిల్లె నగరపు వైద్యుడు ఇబ్న్ జుహ్ర్, చర్మం క్రింద ఉండే కంటికి ఆననంత చిన్న జీవిని గురించి వ్రాశాడు. కాని ఆ జీవే రోగానికి కారణమన్న సిద్ధాంతం వైద్యశాస్త్రంలో చోటు చేసుకోలేదు.

1687లో ఇటలీ దేశపు లివోర్నో రేవు పట్టణంలో జొవాన్ కోసిమో బొనోమో అనే వైద్యుడు, దియాచింతో చెస్తోని అనే మందుల దుకాణదారు కలిసి ఈ విషయాన్ని పరిశీలించారు. పేద స్త్రీలు గజ్జి పట్టిన తమ పిల్లల చేతులనుండి సూదిమొనతో ఏదో తీసి పారవేయడం, ఆ రేవులోని బానిసలు కూడా ఒకరికొకరు అదే విధంగా చేసుకోవడం వారు గమనించారు. బొనోమో ఒక రోగి వద్దకు వెళ్ళి, ఎక్కడ దురద ఎక్కువగా ఉన్నదో అడిగి, అక్కడినుండి తీసిన తెల్లని గుండును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచాడు. అది తాబేలు ఆకారంలో ఉన్న ఒక జీవి. కాళ్ళు కదలిస్తూ చురుకుగా నడుస్తున్నది. పరిశీలన సాగుతుండగా గుడ్డు పెట్టడం కూడా వారి కంటబడినది.

ఆ సంవత్సరం జూలైలో ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు ఫ్రాంచెస్కో రెదీకి బొనోమో ఒక లేఖ వ్రాశాడు. గజ్జికి కారణం చెడురసాలు కావు, ఈ పురుగే. ఒకరినుండి మరొకరికి తాకిడి వలన, దుప్పట్లు, తువాళ్ళ వలన ఇది ప్రాకుతుంది. కడుపులోకి పుచ్చుకొనే మందుల వలన ప్రయోజనం లేదు, చర్మం పైన పూసే మందులే పురుగును చంపగలవు — ఇది ఆ లేఖ సారాంశం. ఒక రోగానికి కంటికి కనబడనంత చిన్న జీవి కారణమని ప్రత్యక్షంగా చూపించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. పాశ్చర్ కాలానికి ఇది సుమారు రెండు వందల సంవత్సరాలు ముందటి మాట.

చదువుకున్న వైద్యులకు తెలియని సంగతి చదువురాని తల్లులకు, బానిసలకు తెలిసి ఉన్నది. బొనోమో గొప్పతనం వారి మాట పెడచెవిని పెట్టక, దానిని సూక్ష్మదర్శిని ముందు నిలబెట్టి సరిచూడడంలో ఉన్నది.

దొరికినది మళ్ళీ పోయినది

ఈ సత్యం వెంటనే అంగీకారం పొందలేదు. పోపు గారి ఆస్థాన వైద్యుడు లాంచీసి దీనిని ఒప్పుకొనలేదు. 1703లో రిచర్డ్ మీడ్ అనే వైద్యుడు బొనోమో లేఖను ఇంగ్లీషులోనికి సంగ్రహించి లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. అయినా వైద్యులలో పెక్కుమంది చెడురసాల సిద్ధాంతాన్ని విడిచిపెట్టలేదు. లిన్నేయస్ అంతటివాడు కూడా 1758లో గజ్జి పురుగును, పిండిలోను జున్నులోను ఉండే పురుగును ఒకే జాతిగా లెక్కించాడు.

తరువాత జరిగినది మరీ విచిత్రం. 1812లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో గాలె అనే యువకుడు గజ్జి పురుగును కనుగొన్నానని సిద్ధాంత వ్యాసం వ్రాసి, దానికి బొమ్మ కూడా జతపరచాడు. పేరు ప్రఖ్యాతులు వచ్చినవి. కాని ఇతర వైద్యులు ఎంత వెదకినా రోగుల చర్మంలో అట్టి పురుగు కనబడలేదు. 1829లో రాస్పాయి అనే శాస్త్రజ్ఞుడు గాలె బొమ్మలో ఉన్నది జున్ను పురుగే అని ఋజువు చేశాడు. దానితో అసలు గజ్జి పురుగు అనేదే లేదని వాదించేవారికి బలం చేకూరినది. లుగోల్ అనే వైద్యుడు పురుగును చూపినవారికి 300 ఫ్రాంకులు బహుమతి ఇస్తానని ప్రకటించాడు.

1834 ఆగస్టులో అదే ఆసుపత్రిలో రెనూచి అనే విద్యార్థి, వైద్యులందరూ చూస్తుండగా, ఒక రోగి చేతినుండి సూదితో పురుగును తీసి చూపించాడు. అతనిది కోర్సికా ద్వీపం. అక్కడి పల్లె స్త్రీలు పురుగును తీసే పద్ధతి అతను చిన్ననాటినుండి చూచి ఎరిగినదే. పారిస్ వైద్యులు చీముపొక్కులలో వెదకారు. పురుగు ఉండేది అక్కడ కాదు, సొరంగం చివర. ఎక్కడ చూడాలో తెలియకపోతే ఎంత మంచి సూక్ష్మదర్శిని ఉన్నా ఫలితం లేదు.

ఆ తరువాత వియన్నా నగరంలో ఫెర్డినాండ్ హెబ్రా తన శరీరానికే గజ్జి అంటించుకొని పరీక్షించాడు. 1844లో అతను ప్రకటించిన పరిశోధనతో గజ్జికి పురుగే కారణమనే విషయం వైద్యశాస్త్రంలో స్థిరపడినది. పురుగే శత్రువు అని తేలిన తరువాత, పై పూత మందులను పరీక్షించడానికి ఒక కొలబద్ద దొరికినది: దురద తగ్గినదా అని కాదు, పురుగు చచ్చినదా అని అడగాలి.

చెట్టు జిగురు నుండి సీసా మందుకు

చిరకాలంగా గజ్జికి వాడుకలో ఉన్న మందు గంధకం. అది పురుగును చంపుతుంది గాని దుర్వాసన, చర్మం మంట తప్పవు. అందువలన 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో జర్మను వైద్యులు రెండు సువాసన గల చెట్టు జిగురుల వైపు దృష్టి మళ్ళించారు. ఒకటి ఆసియా మైనరులో పెరిగే చెట్టునుండి వచ్చే స్టోరాక్స్. రెండవది పెరూ బాల్సం.

పెరూ బాల్సం పేరులో పెరూ ఉన్నది గాని అది పెరూ దేశపు పంట కాదు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ తీరంలో పెరిగే మైరాక్సిలాన్ అనే చెట్టునుండి వస్తుంది. స్పెయిన్ వర్తకులు దానిని పెరూ దేశపు రేవునుండి యూరపుకు ఎగుమతి చేయడం వలన ఆ పేరు వచ్చినది. చెట్టు బెరడును కొట్టి, నిప్పుతో కమరజేసి, గాయమైన చోట గుడ్డలు చుడతారు. ఊరిన జిగురు గుడ్డలకు పడుతుంది. ఆ గుడ్డలను నీటిలో కాచి పిండితే నల్లని చిక్కని ద్రవం అడుగున చేరుతుంది. సుమారు వెనిల్లా వాసన కలిగిన ఈ ద్రవాన్ని ఒళ్ళంతా పూస్తే గజ్జి నయమయ్యేది.

ఎందువలన నయమయ్యేది? రసాయన శాస్త్రజ్ఞులు ఈ జిగురును విడదీసి చూచారు. దానిలో సగమూ అంతకు పైచిలుకూ రెండు ఎస్టరులు: బెంజైల్ బెంజోయేట్, బెంజైల్ సిన్నమేట్. వీటిలో మొదటిదానిని ప్రయోగశాలలో చౌకగా తయారు చేయవచ్చును. 1937లో కోపెన్‌హాగెన్ నగర వైద్యుడు కిస్‌మైయర్ బెంజైల్ బెంజోయేట్ ద్రవంతో గజ్జిని త్వరగా కుదర్చవచ్చునని లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. తెల్లని పాలవలె కనబడే ఆ మందు నేటికీ అనేక దేశాలలో వాడుకలో ఉన్నది. మధ్య అమెరికా అడవిలో బెరడు కాల్చి తీసిన జిగురుకు, ఆ తెల్లని మందుకు ఉన్న చుట్టరికం కొనేవారిలో ఎంతమందికి తెలుసు?

మరి జిగురునే ఎందుకు వాడరాదు? దానికీ సమాధానం ఉన్నది. పెరూ బాల్సంలో ఇంకా అనేక పదార్థాలు కలిసి ఉన్నవి. వాటివలన చాలామందికి చర్మం ఎర్రబడి, దద్దురు లేచి, కొత్త దురద పుడుతుంది. నేడు చర్మవైద్యులు ఎలర్జీ పరీక్షలలో వాడే ప్రధాన పదార్థాలలో పెరూ బాల్సం ఒకటి. ఒకనాటి మందు నేడు ఎలర్జీ పరీక్షకు సాధనమైనది.

పురుగులను లెక్కించిన శాస్త్రజ్ఞుడు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో గజ్జి విపరీతంగా ప్రబలినది. కెన్నెత్ మెలన్‌బీ అనే కీటకశాస్త్రజ్ఞుడు 1941లో షెఫీల్డు నగరంలో దీనిమీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని నిరాకరించిన శాంతివాదులు కొందరు, మానవసేవకు ఇది ఒక మార్గమని తలచి, తమ శరీరాలను ఆ ప్రయోగాలకు అప్పగించారు. గజ్జి పట్టిన సైనికుల లోదుస్తులు తొడుక్కొన్నారు. వారు లేచిన దుప్పట్లలోనే పడుకొన్నారు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఇట్లా అంటుకోవడం చాలా అరుదు. ఒకరి ఒంటికి మరొకరి ఒళ్ళు చాలాసేపు తగిలి ఉండడమే ముఖ్య మార్గమని తేలినది. దుప్పట్లను ఆవిరి పెట్టడానికి ప్రభుత్వం పెడుతున్న శ్రమ, ఖర్చు చాలవరకు వృథా అని కూడా తెలియవచ్చినది.

మెలన్‌బీ మరొక ఓపిక గల పని చేశాడు. వందలాది రోగుల శరీరాలమీది పురుగులను సూదితో తీయించి లెక్కపెట్టించాడు. ఒక రోగికి సగటున ఉన్న పెద్ద ఆడ పురుగులు సుమారు 11 మాత్రమే. సగానికి మించి చేతులమీద, మణికట్లమీదనే దొరికినవి. ఒళ్ళంతా పొక్కులు, రాత్రంతా జాగారం — దీనికంతకూ కారణం పదకొండు పురుగులు! మొదటిసారి అంటుకున్నవారికి నెలరోజుల దాకా దురద రాకపోవడం, రెండవసారి అంటుకున్నవారికి ఒక రోజులోనే రావడం కూడా అతను గమనించాడు. బెంజైల్ బెంజోయేట్ మెడనుండి పాదాలవరకు ఎక్కడా వదలకుండా ఒక్కసారి శ్రద్ధగా పూసినా చాలామందికి గజ్జి కుదురుతుందని ఆ ప్రయోగాలే నిరూపించినవి.

మందుకు లొంగని పురుగులు

యుద్ధానంతరం వచ్చిన మందులలో ఒకదానికి మూలం మళ్ళీ ఒక మొక్కే. డాల్మేషియా ప్రాంతపు ఒక జాతి చామంతి పువ్వులలో పైరిత్రిన్ అనే కీటకనాశని ఉన్నది. అది సుగంధ తైలం కాదు, వెలుతురు తగిలితే త్వరగా చెడిపోతుంది. దాని అణువుల అమరికను అనుసరించి, వెలుతురుకు నిలిచే పెర్మెత్రిన్‌ను 1973లో ఇంగ్లాండులోని రోతమ్‌స్టెడ్ పరిశోధనాలయంలో మైకేల్ ఇలియట్ బృందం తయారు చేసినది. 5 శాతం పెర్మెత్రిన్ పూత నేడు గజ్జికి ప్రధానమైన మందు. మరొకటి ఐవర్‌మెక్టిన్ మాత్ర. దీని మాతృపదార్థం జపాన్ దేశపు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి లభించినది. దానికి కారకులైన సతోషి ఒమూరా, విలియం క్యాంప్‌బెల్‌లు 2015లో నోబెల్ బహుమతి పొందారు.

కాని పురుగులు కూడా ఊరుకోలేదు. ఉత్తర ఆస్ట్రేలియాలో కొందరు ఆదిమవాసులకు గజ్జి ముదిరి, చర్మం బెరడువలె కట్టే రూపంలో వస్తుంది. మామూలు రోగికి పదకొండు పురుగులుంటే, అట్టి రోగికి వేలు, లక్షలు ఉండవచ్చును. వారికి మళ్ళీ మళ్ళీ మందు ఇవ్వవలసి వచ్చినది. 2004లో అట్టి ఇద్దరు రోగులలో ఐవర్‌మెక్టిన్‌కు లొంగని పురుగులు బయటపడినవి. పెర్మెత్రిన్ కూడా పూర్వంవలె త్వరగా చంపడం లేదని తెలిసినది. అందుచేత శాస్త్రజ్ఞులు తిరిగి చెట్లవైపు చూచారు.

నేరేడుకు చుట్టాలు

వారు మొదట ఎన్నుకున్నది ఆస్ట్రేలియాలోని ‘టీ ట్రీ’ అనే చెట్టు, శాస్త్రీయ నామం మెలల్యూకా ఆల్టర్నిఫోలియా. మన తేయాకుకు దీనికి ఏ సంబంధమూ లేదు. ఇది జామ, నేరేడు, నీలగిరి, లవంగాల కుటుంబానికి చెందినది. న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగంలోని బుంజలుంగ్ ప్రజలు దీని ఆకును చర్మవ్యాధులకు వాడేవారు. 1920 తరువాతి దశకంలో సిడ్నీ రసాయన శాస్త్రజ్ఞుడు ఆర్థర్ పెన్‌ఫోల్డ్ ఈ ఆకు నూనెకు సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్నదని ప్రకటించాడు.

ఇక్కడ నూనె అంటే నువ్వుల నూనె, ఆముదం వంటిది కాదు. గానుగలో ఆడిన నూనె కాగితంమీద పడితే మరక నిలిచిపోతుంది. ఆకులగుండా నీటి ఆవిరిని పంపి, ఆ ఆవిరిని చల్లార్చితే నీటితోబాటు వచ్చేది సుగంధ తైలం. అది కాగితంమీద పడినా కొంతసేపటికి ఆవిరై పోతుంది. టీ ట్రీ తైలం నీటిపై తేలుతుంది. లవంగ తైలం నీటికన్న బరువు కనుక అడుగుకు చేరుతుంది. వీటి అణువులు చిన్నవి, కొవ్వులో కరిగేవి. అందువలన చర్మం పైపొరలోనికి చొరబడగలవు.

2004లో డార్విన్ నగరంలోని మెంజీస్ పరిశోధనాలయంలో షెల్లీ వాల్టన్, వారి సహచరులు ఒక రోగి చర్మంనుండి తీసిన పురుగులను గాజుపళ్ళెంలో పెట్టి, 5 శాతం టీ ట్రీ తైలం తాకించి, గడియారం చూస్తూ కూర్చున్నారు. కదిపినా కాలు కదల్చని పురుగును చచ్చినదానిగా లెక్కించారు. తైలం తగలని పురుగులను కూడా ప్రక్కన పెట్టుకొని పోల్చి చూచారు. ఒక గంటలో సగం పురుగులు చచ్చినవి. ఆ తైలంలోని ప్రధాన పదార్థమైన టెర్పినెన్-4-ఆల్‌ను మాత్రమే తాకిస్తే సుమారు 35 నిముషాలే పట్టినవి. అదే పరీక్షలో పెర్మెత్రిన్, ఐవర్‌మెక్టిన్‌లకు అంతకన్న ఎక్కువ సమయం కావలసి వచ్చినది. డార్విన్ ఆసుపత్రిలో చర్మం బెరడుకట్టిన రోగులకు బెంజైల్ బెంజోయేట్‌లో టీ ట్రీ తైలం కలిపి పూసే పద్ధతి కూడా వచ్చినది. మధ్య అమెరికా చెట్టు, ఆస్ట్రేలియా చెట్టు ఒకే సీసాలో కలుసుకున్నవి!

తరువాతి వంతు లవంగానిది. పంటినొప్పికి లవంగ నూనె పెట్టుకోవడం మనకు తెలిసినదే. 2010లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు లవంగ తైలం, జాజికాయ తైలం, ఇలాంగ్ ఇలాంగ్ పూల తైలాలను జంతువులనుండి సేకరించిన గజ్జి పురుగులమీద పరీక్షించారు. లవంగ తైలం అన్నిటికన్న తీవ్రంగా పనిచేసినది, జాజికాయది మధ్యరకం, పూల తైలం అన్నిటికన్న తక్కువగా పనిచేసినది. లవంగ తైలంలో అధికభాగం యూజినాల్. దానికి దగ్గరి చుట్టాలైన పదార్థాలు కొన్ని బెంజైల్ బెంజోయేట్‌తో సమానంగా పనిచేసినవి. 2016లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు పది తైలాలను పోల్చారు. అక్కడ కూడా లవంగమే ముందు నిలిచినది: ఒక శాతం తైలం తగిలిన పురుగులన్నీ 20 నిముషాలలో చచ్చినవి. మన దేశపు పామరోజా గడ్డి తైలానికి 50 నిముషాలు పట్టినవి. సువాసన అన్నిటికీ ఉన్నది. పురుగును చంపే శక్తి అన్నిటికీ సమానంగా లేదు. ముక్కు ఈ తేడాను చెప్పలేదు, గడియారం చెప్పినది.

పళ్ళెం వేరు, చర్మం వేరు

ఇది చదివి ఎవరైనా లవంగ నూనె సీసా తెచ్చి పిల్లవాడి ఒంటికి పూయబూనితే అది పెద్ద పొరపాటు. గాజుపళ్ళెంలో పురుగుకు దాక్కునే చోటు లేదు. చర్మంలో సొరంగం ఉన్నది, గుడ్లు ఉన్నవి. పురుగును చంపిన మందు గుడ్డును చంపకపోవచ్చును. చిక్కని లవంగ నూనె చర్మాన్ని మండిస్తుంది. టీ ట్రీ తైలం గాలి, వెలుతురు తగిలి పాతబడితే ఎలర్జీ కలిగించే పదార్థాలు పుడతవి. కడుపులోకి పోతే విషం. చెట్టునుండి వచ్చినది కనుక హాని చేయదనే నమ్మకానికి పెరూ బాల్సం కథే తగిన జవాబు.

మన ఇళ్ళలో వేపాకు, పసుపు కలిపి నూరి పూసే అలవాటు ఉన్నది. ఇవి సుగంధ తైలాల కోవలోనివి కావు గాని, చెప్పవలసిన ఒక పరిశోధన కలదు. 1992లో ప్రకటితమైన ఆ పరిశోధనలో మన దేశంలోని 814 మంది గజ్జి రోగులకు ఈ ముద్దను పూశారు. 3 నుండి 15 రోజులలో నూటికి 97 మందికి నయమైనదని వ్రాశారు. ఆశ కలిగించే ఫలితమే. అయితే ఈ ముద్ద పూయకుండా, లేదా తెలిసిన మందు పూసి, పోల్చి చూడడానికి వేరొక జట్టును పెట్టలేదు. స్నానం, శుభ్రత, ఇంటివారందరికీ ఒకేసారి చికిత్స — వీటి ఫలితం ఎంత, వేప పసుపుల ఫలితం ఎంత? పోలిక జట్టు లేనిదే విడదీసి చెప్పలేము. వేప పనిచేయదని దీని అర్థం కాదు. పనిచేస్తుందని ఇంకా ఋజువు కాలేదని మాత్రమే. టీ ట్రీ, లవంగ తైలాలు కూడా పళ్ళెంలో గెలిచినవే గాని, పెద్ద సంఖ్యలో రోగులమీద, పోలిక జట్లతో జరిగే పరీక్షలలో ఇంకా నెగ్గవలసి ఉన్నది.

మన ఉపాధ్యాయులు తరగతిలో ఈ కథ చెప్పేటప్పుడు రెండు సంగతులు మరువరాదు. మొదటిది: లివోర్నో బానిసలు, కోర్సికా పల్లె స్త్రీలు, బుంజలుంగ్ ప్రజలు చెప్పినది నిజమే అయినది. ప్రజల అనుభవాన్ని తోసిపుచ్చినవారు నూట యాభై సంవత్సరాలు పోగొట్టుకున్నారు. రెండవది: ఆ అనుభవాన్ని సూది, సూక్ష్మదర్శిని, గడియారం ముందు పెట్టి సరిచూచినప్పుడే అది మందు అయినది.

ఇక గజ్జి వచ్చిన పిల్లవాడిని వెనుక బల్లమీద వేరుగా కూర్చోబెట్టి సిగ్గుపరచడం తగదు. గజ్జి మురికివారికే వస్తుందనేది నిజం కాదు. దగ్గరగా కలిసి పడుకొనే ఇరుకు ఇళ్ళలో, వసతిగృహాలలో ఎవరికైనా వస్తుంది. చేయవలసినది ఇంతే: వైద్యునికి చూపించాలి, దురద ఉన్నవారు, లేనివారు అని చూడక ఇంటిల్లిపాదికీ ఒకే రోజున మందు పూయాలి, ఆనాడు వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి, వైద్యుడు చెప్పిన ప్రకారం వారం తరువాత రెండవసారి పూయాలి. అప్పుడు కూడా కొన్నాళ్ళు దురద ఉంటుంది. దానిని చూచి మందు పనిచేయలేదని భ్రమపడి పదే పదే పూయరాదు. దురద సాక్ష్యాన్ని నమ్మి వైద్యులు ఎంతకాలం మోసపోయారో మనకు ఇప్పుడు తెలుసు కదా.